బాబా సిగరెట్టుకి చార్జింగు

అరాద్, బహ్రెయిన్
శుక్రవారం

అక్కా,

నీకూ, బావగారికీ, పిల్లలకీ రత్నం వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ కులాసాగా ఉన్నాను. మీరంతా కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. నీ నడుం నొప్పి తగ్గిందా? బావగారు ఇంకా రాత్రిపూటే చెరువుల కాపలాకి వెళ్తున్నారా, లేక పగటి డ్యూటీ ఇచ్చారా? చిన్నదానికి చెవిలో చీము కారుతోందన్నావు, భీమవరం తీసుకెళ్ళి చూపించారా? వీటన్నిటికీ మరిచిపోకుండా జవాబు రాయి. ఫోనులో అడుగుదామంటే కార్డు అయిపోయేదాకా నువ్వు వేరే సంగతే మాట్లాడతావు.

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను, మిగతాదంతా చదివే తీరిక నీకు లేకపోయినా ఇదొక్కటి తెలిస్తే చాలని. వేళకి తింటున్నాను. నిద్ర పడుతోంది. ఒళ్ళు కూడా కాస్త వచ్చిందని మేడమ్ అంటోంది.

ఏసేబు సంగతి నువ్వు చెప్పినరోజు నేను ఒక్క మాటా మాట్లాడకుండా ఫోను పెట్టేశానని నీకు బాధగా ఉంది. మొన్న మళ్ళీ చేసినప్పుడు అన్నావు కదా, "ఏడవ్వేంటే రత్నం? నీ మొగుడే గదా! ఆ రొయ్యల కంపెనీ మనిషితో పాలకొల్లులో అద్దిల్లు తీసుకుని కాపరం పెట్టాడని చెప్తంటే ఊ కొడతావేంటే?" అని. అక్కా, ఏడుపు వస్తుంటే బిగపట్టుకున్నాననుకోకు. రాలేదు, అంతే. మత్తుసూది ఇచ్చి పన్ను పీకించుకున్నాక చెంప ఎలా ఉంటుందో నాకు అలా ఉంది. చెంప ఉన్నట్టు తెలుస్తుంది, చేత్తో ముట్టుకుంటే మాత్రం ఇంకొకరి చెంపలా ఉంటుంది.

అతని గురించి నీ మనసులో ఏముందో వివరంగా రాయమన్నావు. రాద్దామని కాగితం తీసి, "అక్కా" అని రాసి ఆగిపోయాను. ఏమీ తోచలేదు. అందుకని ఈ మధ్య ఇక్కడ జరిగినవే రాస్తున్నాను. నువ్వు ఫోను చేసినరోజు కూడా ఇందులోనే వస్తుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన ఎండకి నీడలో కూర్చుంటే చెమట ఆరుతుంది. ఇక్కడ నీడలో కూర్చున్నా ఆరదు. తడిగుడ్డ మొహం మీద కప్పినట్టు ఉంటుంది గాలి. బట్టలు ఆరేసి వచ్చేలోపు మళ్ళీ స్నానం చెయ్యాల్సి వస్తుంది. విమానాలు మా మేడ మీదుగానే దిగుతాయి, మొదట్లో పక్కలో ఉలిక్కిపడి లేచేదాన్ని, ఇప్పుడు వినపడడమే లేదు. తిండికి లోటు లేదు. మేడమ్ చేపలు బాగా తెస్తుంది. వాళ్ళకి బియ్యంలో వేసి వండుతాను, నాకు ఒక ముక్క పక్కన పెట్టుకుని పులుసు చేసుకుంటాను. చింతపండు అయిపోవచ్చింది. ఇక్కడ దొరుకుతుంది కానీ నల్లగా, గింజలతో ఉంటుంది. నరసాపురం వైపు నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త కొత్త చింతపండు, ఉంటే ఎండు గోంగూర పంపు. కుదరకపోతే ఫరవాలేదు.

ఈ ఇంట్లో మేం ముగ్గురమే అని నీకు తెలుసు. బాబా, ఆయన కూతురు మరియం మేడమ్, నేను. మేడమ్ బళ్ళో టీచరు. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తుంది. అంతవరకూ బాబాని నేనే చూసుకోవాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు మంచినీళ్ళ ట్యాంకరు నడిపేవాడట. సిత్రాలో ఉన్న కూలీల క్యాంపులకి నీళ్ళు తోలేవాడు. అక్కడి మనవాళ్ళ దగ్గర హిందీ నేర్చుకున్నాడు. ఆయన సగం హిందీ, సగం అరబ్బీ కలిపి మాట్లాడతాడు. నేను సగం హిందీ మాట్లాడి, మిగతా సగం చేతులు ఊపుతాను. ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి. ఆయన మాటలు నీకు తెలుగులోనే రాస్తున్నాను.

ట్యాంకరు నడిపినన్నాళ్ళూ సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చి ఆయన ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. చలికాలంలో ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఇంటికి ఆక్సిజన్ మిషను తెచ్చారు. మంచం పక్కన గుర్రుమంటూ ఉంటుంది, దాని గొట్టం ముక్కులో పెట్టుకోవాలి. ఆ దగ్గరలో నిప్పు ఉండకూడదని ఎంత చెప్పినా వినక, ఒకరోజు గొట్టం ముక్కులో ఉండగానే దుప్పటి చాటున సిగరెట్టు వెలిగించాడు. భగ్గుమంది. మీసం సగం పోయింది, ముక్కు కొస కమిలిపోయింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆయనే అరచేత్తో ఆర్పుకుని, ఏమీ ఎరగనట్టు గోడ చూస్తున్నాడు. ఆ రోజు నుంచి మేడమ్ ఇంట్లో అగ్గిపెట్టె అన్నది లేకుండా చేసింది. పొయ్యి వెలిగించే లైటరు నేను చున్నీ కొంగుకి ముడేసుకుని తిరిగేదాన్ని.

అప్పుడు తెచ్చింది మేడమ్ ఈ కరెంటు సిగరెట్టు. వాళ్ళ బళ్ళో ఇంకో టీచరు భర్త సరుకు కోసం చైనా వెళ్తే తెప్పించింది. నువ్వు చూసి ఉండవు. అచ్చం సిగరెట్టులాగే తెల్లగా, కాస్త బరువుగా ఉంటుంది. పీలిస్తే కొసన ఎర్రలైటు వెలుగుతుంది, నోట్లోంచి ఆవిరి వస్తుంది. నిప్పూ లేదు, బూడిదా లేదు. ఇదీ మంచిది కాదు, మానెయ్యడమే మంచిదని డాక్టరు చెప్పాడట. ఉండలేనంటే మిషను ఆపి, గొట్టం తీసేసి, వేరే గదిలో కూర్చుని పీల్చాలన్నాడట. దాన్ని చార్జింగు పెట్టడం కూడా వంటింట్లోనే, మిషను ఉన్న గదిలో కాదు.

బాబా మొదట, "ఇది సిగరెట్టు కాదు, పెన్ను. పోయి నీ బళ్ళో పిల్లల పుస్తకాలు దిద్దుకో" అని కూతురి మీదికి విసిరేశాడు. తరవాత నెమ్మదిగా చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాడు. పీల్చేవాడు కాదు, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని హాల్లో కూర్చునేవాడు. ఆ తరవాత పీల్చాడు. ఆ తరవాత అది లేకుండా ఉండలేకపోయాడు.

ఆ సిగరెట్టుకి ప్రాణమంతా బ్యాటరీయే. తెల్లగా కనిపించే సగం బ్యాటరీ, నోటి దగ్గరి సగంలో పొగాకు మందు ఉంటుంది. రెండు బ్యాటరీలు వచ్చాయి. ఒకటి ఆయన చేతిలో, ఒకటి చార్జరులో. ఎర్రలైటు పచ్చబడితే నిండినట్టు. వాటిని మార్చే పని నాది. కొత్తలో ఒకటి తెల్లవారుజాము నమాజు అయ్యాక పెడితే మధ్యాహ్నం నమాజు దాకా వచ్చేది. ఎండలు వచ్చేసరికి పొద్దున్న టీ తాగడం అయ్యేలోపే కొసన లైటు కొట్టుకోవడం మొదలయ్యేది. అంతే, వీధి చివరికి వినపడేలా కేక వేసేవాడు.

"యా రతన్! బత్తీ ఖలాస్!"

బత్తీ అయిపోయిందని. రెండోది ఇంకా నిండి ఉండదు. సగం నిండింది ఇస్తే అదీ వెంటనే పోయేది. అప్పుడు ఫోను దగ్గరికి చెయ్యి చాచి, "కోల్డ్ స్టోరుకి ఫోను చేస్తాను, నా అసలు సిగరెట్లు నాకు పంపుతారు" అని బెదిరించేవాడు. ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టుని కోల్డ్ స్టోరు అంటారు, ఏది అడిగినా గుమ్మంలోకి తెచ్చిస్తారు. ఆయన చేతికి మళ్ళీ అసలు సిగరెట్టు వస్తే ఆ మిషను పక్కన ఏమవుతుందో నేను చూశాను కదా. పైగా ఇంట్లో ఉండేది నేనే. నాకంటే ముందున్న మనిషి గ్యాసు ఆపడం మరిచిపోయిందని మేడమ్ ఆ వారమే టికెట్టు తీసి పంపించేసింది. మేడమ్ మంచిదే అక్కా. తండ్రి విషయంలో మాత్రం రెండో అవకాశం ఇవ్వదు.

బ్యాటరీలు రెండూ తీసుకుని వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే మహబూబ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయనది నిజామాబాద్ వైపు. మొదట సిత్రా క్యాంపులో ఉండి, ఇప్పుడు ఈ కొట్లో చేస్తున్నాడు. తెలుగు మాట్లాడే మనిషి అంత దగ్గరలో ఆయనొక్కడే. చేతిలో పెట్టగానే గుర్తుపట్టాడు.

"అరె, గీ కరెంటు సిగరెట్టా! సనాబిస్‌ల ఒకాయన తాన జూసిన. ఏమైందక్కా దీనికి?"

"మొదట్లో పూటంతా వచ్చేది భాయ్. ఇప్పుడు టీ తాగేలోపు పోతోంది. పాడైపోయిందా?"

"పాడైతలేదక్కా, ముసల్దైతుంది. ఫోన్ బ్యాటరీ తీరుగనే ఇది గూడ. ఎక్కిచ్చినప్పుడల్లా జెరంత జెరంత తగ్గుకుంటనే ఉంటది. దినాం గింత తాగేటోళ్ళకు కొన్ని నెలలొస్తది. ఏడాది నడిచిందంటే మస్తు నసీబున్నట్టు."

"పెంచడానికేమీ లేదా?"

"పెంచుడు మన చేతుల లేదు. జెల్ది సావకుంట జూసుకోవాలె, గంతే. నువ్వెట్ల ఎక్కిస్తున్నవో చెప్పు."

చెప్పాను. లైటు కొట్టుకుని కొట్టుకుని పూర్తిగా ఆరిపోయేదాకా వాడించి, రాత్రి చార్జరులో పెట్టి పొద్దున్న తీస్తున్నానని. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"గదే తప్పక్కా. అందరు గట్లనే జేస్తరు. పూరా ఖాళీ కానియ్యద్దు. బత్తి కొట్టుకునుడు షురూ గాకముందే తీసి ఇంకోటి పెట్టు. పచ్చలైటు వడ్డంక చార్జర్ల ఉంచద్దు. తాగి తాగి వేడిగున్నప్పుడు ఎక్కియ్యద్దు, జెర సల్లారనియ్యి. దాని చార్జరే వాడాలె, ఫోన్ చార్జర్ గిట్ల తగిలిస్తవా, ఖతం."

తరవాత మర తిప్పి రెండు ముక్కలూ విడదీసి, మర లోపల గోధుమరంగు జిగట చూపించాడు. "జూడు, నోటికాడి మందు కారి గిక్కడ పేరుకున్నది. గిట్లుంటే కరెంటు పట్టది. దినాం పొడిగుడ్డతోని తుడువు. పండవెట్టకు, నిలవెట్టు. బిగ్గర తిప్పకు, మర తెగుతది" అన్నాడు. దూదికి స్పిరిటు అద్ది తుడిచి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. వస్తుంటే వెనకనుంచి, "వాడనప్పుడు ఫ్రిజ్‌ల వెట్టక్కా, సల్లగుంటే ఎక్కువ దినాలొస్తది" అన్నాడు.

అన్నీ చేశాను. లైటు కొట్టుకోకముందే మార్చాను, పచ్చబడగానే తీశాను, రోజూ తుడిచాను. టీగ్లాసులో నిలబెట్టి ఉంచాను. పొడుగ్గా పీలిస్తే తొందరగా అయిపోతుంది బాబా, చిన్నగా పీల్చండి అని చెప్తే కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆలోచించి, "ట్యాంకరు కూడా అంతే. వంతెన ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే డీజిలంతా తాగేస్తుంది" అని ఒప్పుకున్నాడు. నిజంగానే తేడా కనిపించింది అక్కా. పూటంతా కాకపోయినా, టీ అయ్యాక కూడా కాసేపు వచ్చేది.

ఆ ఫ్రిజ్ మాట మాత్రం వినకుండా ఉండాల్సింది. పెరుగు గిన్నె పక్కన పెట్టిన బ్యాటరీ తీస్తే దానికి చెమట పట్టింది. తుడిచి బిగించాను. ఒకసారి లైటు వెలిగింది, అంతే, మళ్ళీ వెలగలేదు. లోపలికి తడి దిగిందన్నాడు మహబూబ్ భాయ్. తల దించుకుని, "గల్తీ నాదే అక్కా. క్యాంపుల టార్చి సెల్లు గట్లనే పెడ్తుంటిమి" అన్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, మంచికే చెప్పాడు. కొత్తది దొరుకుతుందా అంటే ఆ సరుకు ఇప్పుడు రావడం లేదన్నాడు. మేడమ్ పెద్ద షాపుల్లోనూ అడిగింది. ఎక్కడా లేదు. మా దగ్గర ఒక్క బ్యాటరీ మిగిలింది.

నువ్వు ఫోను చేసినరోజు ఆ ఒక్కటీ వంటింట్లో చార్జింగులో ఉంది.

నేను బియ్యం కడుగుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని విన్నాను. నువ్వు చెప్పిన ప్రతి మాటా విన్నాను అక్కా. ఆవిడ పేరు చెప్పావు, ఇల్లు ఏ వీధిలోనో చెప్పావు, ఏసేబు కొత్త చొక్కా వేసుకుని ఆవిడతో ఆదివారం ప్రార్థనకి గుడికి కూడా వచ్చాడని చెప్పావు. ఫోను పెట్టేసి మళ్ళీ బియ్యం కడగడం మొదలుపెట్టాను. ఒకసారి నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాను. మళ్ళీ పారబోశాను. నీళ్ళు తేటగా వస్తున్నాయి, అయినా కడుగుతున్నాను.

ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. అది ఎక్కడిదో నాకు తెలుసు, కళ్ళతో చూస్తున్నాను కూడా. చార్జరు పక్కన మడతపెట్టిన గుడ్డ అంచు గోధుమరంగుకి తిరుగుతోంది. బ్యాటరీ తొడుగు ఉబ్బుతోంది. స్విచ్చి నా చేతికి అందే దూరంలోనే ఉంది. తియ్యాలని తెలుసు. చెయ్యి మాత్రం బియ్యంలోనే ఉంది.

వెనకనుంచి గోడకి అరచెయ్యి రాసుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడైంది. బాబా. గొట్టం తీసేసి వచ్చాడు. మంచం దగ్గరనుంచి వంటింటి దాకా ఆయన నడవడం నేను ఈ ఇంటికి వచ్చాక ఎప్పుడూ చూడలేదు. నన్ను పక్కకి నెట్టి, చార్జరు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ప్లగ్గు ఊడి వచ్చింది. ఆయన అలాగే బండ పట్టుకుని కిందికి జారిపోయాడు.

అప్పుడు కదిలాను. గరిటెతో ఆ బ్యాటరీని పెరట్లోకి తోసి ఇసుక మీద పడేశాను. బాబా పెదాలు నీలంగా అయిపోయాయి, నోరు తెరుచుకుని గాలి మింగుతున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలోకి ఎత్తాను. ఎత్తగలనని అనుకోలేదు. కుర్చీతో సహా గదిలోకి ఈడ్చుకెళ్ళి ముక్కుకి గొట్టం పెట్టి, నేల మీద కూర్చుండిపోయాను. మిషను గుర్రుమంటోంది. చాలాసేపటికి ఆయన పెదాలకి రంగు వచ్చింది.

"ఎవరు చచ్చిపోయారు?" అని అడిగాడు.

"ఎవరూ చావలేదు బాబా."

"ఫోను వచ్చింది కదా. ఎవరు చచ్చిపోయారు?"

"నా మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్ళిపోయాడు" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. కూర అడుగంటింది అన్నట్టే అన్నాను.

ఆయన గొట్టం సర్దుకుని కొంచెంసేపు ఊపిరి పీల్చుకున్నాడు. దేవుడి పేరెత్తి ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"సిగరెట్లు తాగుతాడా?"

"చుట్టలు తాగుతాడు."

"దగ్గుతాడా?"

"తెల్లవార్లూ దగ్గుతాడు."

"అయితే ఇకనుంచి ఆ దగ్గు ఆవిడ వింటుంది" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కానీ లేచి వెళ్ళి ఆ బియ్యం పొయ్యి మీద పెట్టగలిగాను.

మేడమ్ వచ్చి వంటింట్లో కాలిన మరక చూసింది. చార్జరు ఖాళీగా ఉండడం చూసింది. నా మొహం చూసింది. నేను నోరు తెరిచేలోపే గదిలోంచి బాబా గట్టిగా అన్నాడు.

"బ్యాటరీ నేనే పాడుచేశాను. టీలో పడేశాను."

"టీలో పడితే బండ ఎలా కాలింది?" అంది మేడమ్.

"వేడి టీ" అన్నాడు బాబా.

మేడమ్ ఆ చార్జరు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత నాతో, "ఇంకో బ్యాటరీ దొరికితే, నేను ఇంట్లో ఉన్నప్పుడే చార్జింగు పెట్టు. పెట్టాక పక్కనే ఉండు" అంది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది. బాగున్నారన్నాను. ఆమె టికెట్టు మాట ఎత్తలేదు.

ఆ తరవాతి రోజులు కష్టంగా గడిచాయి. బ్యాటరీ లేదు, సిగరెట్టు లేదు. బాబాకి చేతులు వణికేవి, అన్నం పళ్ళెం తోసేసేవాడు. ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు కోల్డ్ స్టోరుకి ఫోను చేసేశాడు. వాళ్ళ మనిషి సిగరెట్టు పెట్టెతో గేటు దగ్గరికి వచ్చేసరికి తడి తలతోనే వెళ్ళి వెనక్కి పంపేశాను. లోపలికి వస్తే బాబా నన్ను గాడిద అన్నాడు. నా మొగుడు పోయినందుకు ఆశ్చర్యం లేదన్నాడు. ఆ మాట కూడా నాకు తగల్లేదక్కా. లవంగాలు, యాలకులు గిన్నెలో పోసి ఆయన మంచం మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం అయ్యాక ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచి గిన్నెలోంచి ఒక లవంగం తీసుకున్నాడు. మేడమ్ వచ్చేసరికి ఇద్దరం లవంగాలు నములుతున్నాం.

కిందటి వారం మహబూబ్ భాయే ఇంటికి వచ్చి గేటు కొట్టాడు. "సనాబిస్ ఆయన మానేసిండటక్కా. అడిగితే ఇచ్చిండు. పాతదే, ఎన్ని దినాలొస్తదో చెప్పలేను" అని ఒక బ్యాటరీ చేతిలో పెట్టాడు. ఫ్రిజ్ సంగతి మనసులో పెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది. టీ ఇస్తే వాకిట్లోనే నిలబడి తాగి వెళ్ళాడు.

పాతదే. కొన్ని దమ్ములకే అలిసిపోతుంది. చల్లారాక, మేడమ్ ఎదురుగా చార్జింగు పెడతాను. వెనకటి మాదిరి వదిలెయ్యకుండా, ఎర్రలైటు పచ్చబడేదాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాను. బాబా ఇప్పుడు అన్నం తిన్నాక రెండుపూటలా హాల్లోకి వచ్చి పీలుస్తాడు, మిగతా వేళల్లో లవంగాలు. అసలుది అడగడం లేదు. ఇది కూడా రేపో మాపో పోతుందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఆరోగ్యం బాగుపడిందని చెప్పలేను. ఆ మిషను గుర్రుమనడం మాత్రం ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న బుధవారం ఏసేబు ఫోను చేశాడు.

"రత్నం, నేను" అన్నాడు.

"చెప్పు" అన్నాను.

"తిన్నావా?"

"తిన్నాను."

"అక్కడ ఎండలెక్కువంట గదా." అన్నాడు. దగ్గాడు. "మరదీ... ఆవిడున్న అద్దిల్లు వానొత్తే ఉరుత్తంది. ఇంటోళ్ళు బాగుచెయ్యరంట. మనిల్లు ఊరికే తాళం పెట్టుంది గదా. వానాకాలం ఎల్లేదాకా అక్కడుందారని. నువ్వెలాగూ ఇప్పుడిప్పుడే రావు గదా."

మామూలుగా అడిగాడు అక్కా. పొరుగింటి నిచ్చెన అడిగినట్టు. నేను కిటికీలోంచి పెరడు చూస్తున్నాను. ఆరేసిన దుప్పట్లు ఉన్నాయి.

"వద్దు" అన్నాను.

"ఏటీ?"

"ఆ ఇంట్లోకి ఆవిడ వద్దు."

"కోపం వచ్చిందా రత్నం?"

"కోపం రాలేదు. వద్దు."

"మరి నేనో?" అన్నాడు.

"నువ్వూ వద్దు" అన్నాను.

ఇంకా ఏదో అన్నాడు, సంఘ పెద్దల మాట ఏదో ఎత్తాడు. నేను ఉంటానని చెప్పి పెట్టేశాను. పెట్టాక గుండె దడ ఏమీ లేదు. కళ్ళు చెమర్చలేదు. కానీ ఆ "వద్దు" నేనే అన్నాను. ఎవరూ నేర్పలేదు, నువ్వు కూడా చెప్పలేదు. అది నీకు రాయాలనే ఇంత పెద్ద ఉత్తరం మొదలుపెట్టాను.

కాబట్టి అక్కా, నేను ఇప్పుడు రావడం లేదు. ఇక్కడి పని ఒప్పందం పూర్తయ్యాకే వస్తాను. పాస్టరు అయ్యగారికి నా వందనాలు చెప్పి, సంఘం ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చెయ్యాలన్న ఆలోచన వదిలెయ్యమని మర్యాదగా చెప్పు. అయ్యగారి భార్య అమ్మగారిని ప్రార్థనలో నా పేరు ఎత్తమను, ఏసేబు పేరు పక్కన పెట్టకుండా ఎత్తమను. పెద్దత్త కాళ్ళకి నా దండాలు. ఆవిడ ఆశీర్వాదం కావాలి నాకు, తిడుతూ ఇచ్చినా సరే. బావగారిని వానగాలిలో చెరువు గట్టున పడుకోవద్దను. పిల్లలకి ముద్దులు.

నాకోసం నువ్వొక పని చెయ్యాలి. కాలనీలో నా ఇంటి రెండో తాళంచెవి నీ దగ్గర ఉంది. రేపే వెళ్ళి తలుపులు తెరిచి తుడిపించు. నీ కుట్టుమిషను వరండాలో వాన జల్లుకి తడుస్తోందని ఎప్పుడూ అంటావు కదా, దాన్ని తీసుకెళ్ళి ముందు గదిలో కిటికీ పక్కన పెట్టుకో. అక్కడ వెలుతురు బాగుంటుంది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు గుమ్మంలోంచే వస్తారు, పగలంతా తలుపు తీసే ఉంచు. ఏసేబు వస్తే గొడవపడకు, మంచినీళ్ళిచ్చి పంపించు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ఈ ఇల్లు ఎవరిదని అడిగితే, నా పేరు చెప్పు.

నీ ఆశీర్వాదం కోరే చెల్లెలు,
రత్నం